ఎర్రదుమ్ము, అట్ట కోను

కర్ణాటకలోని దోణిమలైలో ఎన్‌ఎండీసీ ఇనుప ఖనిజపు గని 1977లో మొదలైంది. టౌన్‌షిప్ వినాయక చవితి పందిళ్లలో నేను గిటారు వాయించేవాణ్ణి. మొదట్లో అదీ హారన్ బాకాలోంచే పలికేది. బాకాకు మంద్రం చేతకాదు. అందులో నాటక పద్యమైతే కొండవతలికీ వినిపిస్తుంది; నా గిటారు మాత్రం రేకు డబ్బాలో గులకరాళ్ల మోతే.

తర్వాత పన్నెండు అంగుళాల అట్ట కోను స్పీకరును చెక్కపెట్టెలో బిగించాం. ఇలాంటి కోను ఐదు వేల హెర్ట్జ్ దాటాక చేతులెత్తేస్తుంది. గిటారు గరగర చాలావరకు అక్కడే రాలిపోతుంది. వెనక పలక తీస్తే నాదం గదంతా పరుచుకునేది, మూస్తే మంద్రం బిగిసి గుండెకు తగిలేది.

ఇక స్పీకరులోని అయస్కాంతానిది మరో కథ. పాత ఆల్నికో అయస్కాంతాల్లో కోబాల్టు ఉండేది. స్పీకర్లు చేసే సెలెస్టియన్ వాళ్లు 1960ల్లోనే ఫెర్రైట్ అయస్కాంతాలకు మళ్లారు. 1978లో కోబాల్టు గనులున్న జైరేలో పోరుతో కోబాల్టు ధర భగ్గుమన్నాక మిగతావాళ్లూ అదే దారి పట్టారు. ఆల్నికో మెత్తగా పలుకుతుందంటారు. నేను మాత్రం కోనుకే ఎక్కువ మార్కులేస్తాను. అన్నట్టు, ఫెర్రైట్‌లో అధికభాగం ఐరన్ ఆక్సైడే, గని దుమ్ము పట్టిన మా చొక్కాలు ఉతికితే కారే ఎర్రనీళ్లలో ఉండేదే.