భుజమా, ముంజేయా: అమెరికా తుపాకి చట్టంలో పొట్టి రైఫిల్ నిర్వచన చరిత్ర (1934–2026)

అమెరికా సమాఖ్య చట్టంలో పిస్తోలుకూ రైఫిల్‌కూ మధ్య ఉన్న గీత తూటా బలాన్ని బట్టి గీసినది కాదు. ఆయుధాన్ని దేనికి ఆనించి కాల్చడానికి రూపొందించారన్నదే అక్కడ ప్రధాన ప్రశ్న. భుజానికి ఆనించి కాల్చే ఉద్దేశంతో తయారైనది రైఫిల్. ఒంటిచేత్తో పట్టుకొని కాల్చడానికి రూపొందినది పిస్తోలు. రైఫిల్ గొట్టం 16 అంగుళాలకు తగ్గినా, రైఫిల్ నుంచి మలచిన ఆయుధం మొత్తం పొడవు 26 అంగుళాలకు తగ్గినా అది ‘పొట్టి గొట్టపు రైఫిల్’ అవుతుంది. దానిని నమోదు చేయించకుండా కలిగి ఉండటం 10 ఏళ్ల వరకు జైలుశిక్ష విధించదగిన నేరం. అంతే పొడవున్న పిస్తోలుకు ఈ నిర్బంధం లేదు. 2012 తరువాత ‘స్టెబిలైజింగ్ బ్రేస్’ అనే ఉపకరణం ఈ గీతను వివాదాస్పదం చేసింది. ఆ వివాదాన్ని తుపాకుల వ్యవహారాలు చూసే ఏటీఎఫ్ సంస్థ మాటమార్పుల కథగా చెప్పడం పరిపాటి. సంస్థ మాట మార్చిన మాట నిజమే. అయితే అందుకు మూలం 1934 నాటి శాసన నిర్మాణంలోనే ఉందని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

మద్యనిషేధ కాలపు ముఠా హత్యల నేపథ్యంలో అటార్నీ జనరల్ హోమర్ కమ్మింగ్స్ ఆధ్వర్యంలో 1934లో నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ బిల్లు కాంగ్రెసు ముందుకు వచ్చింది. దుస్తుల మాటున దాచుకోగల ఆయుధాలను అదుపుచేయడం దాని లక్ష్యాలలో ఒకటి. అందుకే తొలి ముసాయిదాలో మెషిన్‌గన్లతోపాటు పిస్తోళ్లు, రివాల్వర్లు కూడా ఉన్నాయి. చేతితుపాకులను కట్టడి చేసి రైఫిళ్లను వదిలేస్తే, రైఫిల్ గొట్టాన్ని కోసి అదే పనికి వాడుకోవచ్చు. పొట్టి రైఫిళ్లను చట్ట పరిధిలోకి తేవడంలోని తర్కం ఇదే. కాని తుపాకి సంఘాల వ్యతిరేకత వల్ల పిస్తోళ్లు, రివాల్వర్లు బిల్లు నుంచి తొలగిపోయాయి. వాటికి కాపలాగా చేర్చిన నిబంధన మాత్రం అలాగే ఉండిపోయింది. ఇల్లు కట్టడం మానుకొని ప్రహరీ మాత్రం కట్టినట్లయింది. ఫలితంగా సులభంగా దాచగల చేతితుపాకికి లేని నిర్బంధం అంతకన్నా పెద్దదైన పొట్టి రైఫిల్‌కు ఏర్పడింది. తరువాతి తొమ్మిది దశాబ్దాల చిక్కులన్నీ ఈ వైపరీత్యం చుట్టూ తిరిగినవే.

నేరుగా నిషేధించే అధికారం తనకు ఉందో లేదోనన్న శంకతో కాంగ్రెసు పన్ను మార్గాన్ని ఎంచుకుంది. తయారీకీ బదిలీకీ 200 డాలర్ల చొప్పున విధించిన పన్ను ఆ రోజుల్లో సామాన్యుడికి అందని మొత్తం. రైఫిల్ గొట్టానికి మొదట 18 అంగుళాలుగా ఉన్న హద్దును 1960లో 16కు తగ్గించారు. ఈ సంఖ్యలలో శాస్త్రీయత కన్నా శాసనసభల బేరసారాలే ఎక్కువ.

నిర్వచనంలోని ‘తయారుచేయడం’ అనే క్రియ 1992లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. థామ్సన్/సెంటర్ ఆర్మ్స్ కంపెనీ తన కంటెండర్ పిస్తోలుతో పాటు 21 అంగుళాల గొట్టం, భుజానికి ఆనించే స్టాక్ ఉన్న సామగ్రిని అమ్మింది. ఆ భాగాలతో చట్టబద్ధమైన పొడవాటి రైఫిల్‌ను కూర్చవచ్చు. పిస్తోలు గొట్టం మార్చకుండా స్టాక్ తగిలిస్తే మాత్రం పొట్టి రైఫిల్ అవుతుంది. విడిభాగాలుగా ఉన్నప్పుడే పన్ను చెల్లించాలన్నది ప్రభుత్వ వాదన. చట్టం అస్పష్టంగా ఉన్నదని, శిక్షలతో ముడిపడిన చట్టంలోని సందిగ్ధతకు పౌరునికి అనుకూలంగానే అర్థం చెప్పాలని 5–4 ఆధిక్యంతో కోర్టు కంపెనీ పక్షాన తీర్పు ఇచ్చింది. విడిభాగాల కూర్పును బట్టి వస్తువు చట్టపరమైన జాతి మారుతుందని ఈ కేసు స్పష్టం చేసింది. ఏటీఎఫ్ 2011లో ఇచ్చిన రూలింగ్ దీని కొనసాగింపే: పిస్తోలుగా పుట్టిన ఆయుధాన్ని పొడవాటి రైఫిల్‌గా మార్చి తిరిగి పిస్తోలు చేయవచ్చు, రైఫిల్‌గా పుట్టినదానిని అలా కురచ చేయడం మాత్రం చట్టం దృష్టిలో పొట్టి రైఫిల్ తయారీయే. ఆయుధాలకూ జన్మతః వచ్చే హోదా ఉందన్నమాట!

బ్రేస్ ఈ నేపథ్యంలో వచ్చింది. ఏఆర్ తరహా బరువైన పిస్తోలును ఒంటిచేత్తో కాల్చలేని వికలాంగుడైన మాజీ సైనికుడి కోసం అలెక్స్ బోస్కో దీనిని రూపొందించాడు. ముంజేతికి పట్టీతో బిగించుకొనే ఈ ఉపకరణం పిస్తోలును రైఫిల్‌గా మార్చదని 2012లో ఏటీఎఫ్ లేఖ ఇచ్చింది. అయితే దాని ఆకారం భుజానికి ఆనడానికీ అనుకూలించింది. అలా ఆనించి కాల్చినంత మాత్రాన వర్గీకరణ మారదని 2014లో చెప్పిన సంస్థ, అది ఆయుధాన్ని ‘పునారూపకల్పన’ చేయడమేనని 2015 జనవరిలో బహిరంగ లేఖ రాసింది. 2017లో మళ్లీ వెనక్కు తగ్గింది. రూపకల్పన ఉద్దేశాన్ని వస్తువులో వెతకాలా, వాడేవాడి భంగిమలో వెతకాలా అన్న ప్రశ్నకు నిర్వచనంలోనే సమాధానం లేనప్పుడు ఈ ఊగిసలాట ఆశ్చర్యకరం కాదు.

దీనిని కేవలం పదాల తగాదాగా చూడటం సరికాదు. 2019 ఆగస్టులో డేటన్‌లో 9 మందిని, 2021 మార్చిలో బౌల్డర్‌లో 10 మందిని బలిగొన్న కాల్పులలో వాడినవి బ్రేస్ అమర్చిన ఏఆర్ పిస్తోళ్లే. 2021 జూన్‌లో ప్రభుత్వం ప్రతిపాదించిన నిబంధన లక్షణాలకు మార్కులు వేసే పట్టికను ముందుకు తెచ్చింది. 2023 జనవరి 31న ప్రచురితమైన తుది నిబంధన ఆ పట్టికను వదిలేసింది. భుజానికి ఆనే ఉపరితలం, బరువు, పొడవు, గురిచూసే అమరిక, చివరకు కంపెనీ ప్రకటనలు, జనంలో వాడుక తీరు కూడా కొలమానాలయ్యాయి. మే 31లోగా నమోదు చేయించుకొంటే 200 డాలర్ల మినహాయింపు ఇచ్చారు. వాడుకలో సుమారు 30 లక్షల బ్రేస్‌లు ఉన్నాయని ప్రభుత్వమే అంచనా వేయగా, వచ్చిన దరఖాస్తులు దాదాపు రెండున్నర లక్షలే.

తుది నిబంధన ప్రతిపాదనకు సహజమైన కొనసాగింపు కాదని 2023 ఆగస్టులో ఐదవ సర్క్యూట్ అప్పీలు కోర్టు అభిప్రాయపడింది. 2024 జూన్ 13న టెక్సస్ ఉత్తర జిల్లా న్యాయస్థానం దానిని పూర్తిగా కొట్టివేసింది. గమనించవలసినదేమంటే, పడిపోయినది ఏటీఎఫ్ నిబంధన మాత్రమే. 1934 నాటి నిర్వచనం చెక్కుచెదరలేదు. బ్రేస్ స్థానంలో స్టాక్ అమర్చిన పొట్టి ఆయుధం నేటికీ నమోదు చేయించవలసినదే.

2025 జూలైలో ఆమోదం పొందిన చట్టం పొట్టి రైఫిళ్లపై 200 డాలర్ల పన్నును 2026 జనవరి 1 నుంచి సున్నా చేసింది. నమోదు విధానాన్ని మాత్రం ముట్టుకోలేదు. 1937లో సోంజిన్‌స్కీ కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని నిలబెట్టినది పన్ను విధించే అధికారం ప్రాతిపదికగానే. పన్నే లేనప్పుడు ఆ అధికారం కింద నమోదు నిర్బంధం నిలుస్తుందా అన్న ప్రశ్నతో వ్యాజ్యాలు ఇప్పటికే దాఖలయ్యాయి.