జతిలుహూర్: నివాసం, పెట్టుబడి, ప్రయాణం

ఇండోనేషియాలోని జావా ద్వీపపు పశ్చిమ భాగంలో, రాజధాని జకార్తా నగరానికి ఆగ్నేయ దిశగా సుమారు నూరు కిలోమీటర్ల దూరంలో జతిలుహూర్ ఉన్నది. పరిపాలనాపరంగా ఇది పుర్వకర్తా జిల్లాలోని ఒక మండలం. ఒకవైపు పెద్ద జలాశయం, మరొకవైపు నూలు మిల్లులు, వాటి నడుమ వరిపొలాలు, ఇరుకు వీధులు, కార్మికులు అద్దెకుండే గదుల వరుసలు కనిపిస్తాయి. దీనిని పూర్తిగా పల్లె అనడానికి వీలులేదు, పట్టణమని చెప్పడానికీ వీలులేదు.

గల్ఫ్ దేశాల సంగతి, మలేషియా సంగతి మన సరిహద్దు గ్రామాల కుటుంబాలకు కొంత తెలుసు. ఇండోనేషియా గురించి తెలిసినది తక్కువ. అక్కడ ఉద్యోగం ఉన్నదనో, చవకగా స్థలం దొరుకుతుందనో ఎవరైనా చెప్పినప్పుడు, ఆ మాటలో నిజమెంతో తేల్చుకోవడానికి కావలసిన ముఖ్య విషయాలు ఈ వ్యాసంలో ఉన్నాయి.

ఊరు, పేరు, చరిత్ర

స్థానిక భాషలో జతి అంటే టేకు, లుహూర్ అంటే ఎత్తైనది. ఈ ప్రాంతపు ప్రజలు సుందా జాతివారు. వారి భాషలో నీటికి గుర్తుగా వాడే ‘చి’ అనే అక్షరంతో ఇక్కడి అనేక ఊర్ల, నదుల పేర్లు మొదలవుతాయి. జతిలుహూర్ వద్ద ప్రవహించే నది పేరు చితారుమ్. తారుమ్ అంటే నీలిమొక్క. క్రీస్తుశకం 5వ శతాబ్దంలో పశ్చిమ జావాను ఏలిన తారుమనగర రాజ్యం పేరులోనూ ఇదే మాట వినిపిస్తుంది. ఆ రాజ్యానికి చెందిన పూర్ణవర్మ శాసనాలు సంస్కృత భాషలో, పల్లవ లిపిలో ఉన్నాయి. తెలుగు లిపికి, ఆ లిపికి మూలం ఒక్కటే.

చితారుమ్ నదిపై ఆనకట్ట నిర్మాణం 1957లో మొదలై 1967లో పూర్తయింది. ఇండోనేషియా ప్రధానమంత్రిగా పనిచేసిన జువాండా పేరు దానికి పెట్టారు. ఉత్తర తీరపు వరిపొలాలకు సాగునీరు, జకార్తాకు తాగునీటికి కావలసిన నీరు, విద్యుత్తు దీనినుంచే అందుతున్నాయి. జలాశయం నిండినప్పుడు కొన్ని గ్రామాలు మునిగిపోయాయి. నేడు నీటిపై తేలే వలల పంజరాలలో చేపల పెంపకం ఇక్కడ ఒక ప్రధాన జీవనోపాధి. అడుగునీరు పైకి తిరగబడి ప్రాణవాయువు తగ్గినప్పుడు చేపలు పెద్దఎత్తున చనిపోతుంటాయి. ఈ పంజరాల సంఖ్యను తగ్గించాలని ప్రభుత్వం ప్రయత్నిస్తూ వస్తున్నది.

జతిలుహూర్‌తో భారతీయులకు సంబంధం కల్పించినది నూలు పరిశ్రమ. లోహియా కుటుంబం స్థాపించిన ఇండోరామా సంస్థ 1976లో పుర్వకర్తాలో నూలు ఉత్పత్తి ప్రారంభించి, తరువాత పాలియెస్టర్‌కు విస్తరించింది.

చేరే మార్గం

ముంబై నుంచి జకార్తాకు నేరుగా వెళ్లే ఇండిగో విమానం 2023 ఆగస్టులో మొదలైంది. కౌలాలంపూర్, సింగపూర్ మీదుగా వెళ్లేవారూ ఎక్కువే. జకార్తా నుంచి జతిలుహూర్‌కు వెళ్లడానికి రెండు దారులున్నాయి. బండూంగ్ వైపు వెళ్లే టోల్ రహదారి 2005లో పూర్తయింది. దానిపై జతిలుహూర్ పేరుతోనే ఒక నిష్క్రమణ ద్వారం ఉన్నది. రెండవది రైలు మార్గం. జకార్తా నగరపు లోకల్ రైళ్లు 2017 నుంచి చికారంగ్ వరకు నడుస్తున్నాయి. అక్కడ వలహార్ అనే లోకల్ రైలు ఎక్కి పుర్వకర్తా చేరవచ్చు. ఆ పైన అంగ్‌కోట్ అని పిలిచే చిన్న వ్యానులు, అద్దె మోటారుసైకిళ్లు దొరుకుతాయి. 2023 అక్టోబరులో మొదలైన జకార్తా–బండూంగ్ అతివేగ రైలుకు పుర్వకర్తాలో స్టేషను లేదు.

అక్టోబరు, నవంబరు నెలల నుంచి ఏప్రిల్ వరకు వానలు పడతాయి. చూడదగినవాటిలో జలాశయం, ప్లెరెద్ కుమ్మరుల మట్టిపాత్రలు, పక్కనున్న చిరాతా జలాశయంపై 2023 నవంబరులో ప్రారంభమైన తేలే సౌరవిద్యుత్ కేంద్రం ముఖ్యమైనవి.

వీసా నియమాలు

భారతీయులు విమానాశ్రయంలో గాని, ముందుగా ఇంటర్నెట్ ద్వారా గాని 5 లక్షల రుపయా చెల్లించి 30 రోజుల వీసా పొందవచ్చు. రుపయా అంటే ఇండోనేషియా నాణెం. 2025 నాటి లెక్కలో ఒక భారత రూపాయికి సుమారు 190 రుపయా వచ్చేవి. కనుక ఈ రుసుము రెండువేల ఆరువందల రూపాయలకు కొంచెం ఎక్కువ. దీనిని మరో 30 రోజులకు ఒక్కసారి పొడిగించుకోవచ్చు. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. 2025 అక్టోబరు నుంచి విమానాశ్రయాలలో దిగే ప్రయాణికులు రాక వివరాలను ముందుగా ఇంటర్నెట్‌లో నింపవలసి ఉన్నది.

ఈ వీసాపై ఉద్యోగం చేయడం నేరం. గడువు దాటి ఉంటే 60 రోజుల లోపు రోజుకు 10 లక్షల రుపయా జరిమానా పడుతుంది. అంటే రోజుకు ఐదువేల రూపాయలకు పైమాటే. ఆ పైన ఉంటే దేశం నుంచి పంపివేసి, తిరిగి రాకుండా నిషేధిస్తారు. మాదకద్రవ్యాల విషయంలో చట్టం మరణశిక్ష వరకు వెళుతుంది. కనుక ఇతరులు అప్పగించే పొట్లాలను, సంచులను ప్రయాణంలో తీసుకువెళ్లరాదు.

ఉద్యోగానికి వెళ్లేవారు

విదేశీయుణ్ణి నియమించదలచిన సంస్థ ముందుగా అక్కడి కార్మికశాఖ ఆమోదం పొందాలి. ఆ ఉద్యోగి కోసం ప్రభుత్వానికి నెలకు 100 డాలర్లు చెల్లించాలి. ఆ తరువాతనే పరిమిత నివాస అనుమతి లభిస్తుంది. మామూలు కూలిపనికి ఇంత ఖర్చుపెట్టి పరదేశీయుణ్ణి పిలిపించే యజమాని ఉండడు. 2025లో పుర్వకర్తా జిల్లా కనీస వేతనం నెలకు సుమారు 47 లక్షల 92 వేల రుపయా, అంటే పాతికవేల రూపాయల చుట్టుపట్ల. స్థానిక కార్మికుడు ఆ వేతనానికే దొరుకుతాడు. కాబట్టి సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాలకే భారతీయులను తీసుకుంటారు. చదువు, అనుభవం లేనివారికి ‘ముందు పర్యాటక వీసాపై వెళ్లండి, తరువాత మారుస్తాం’ అని చెప్పే మధ్యవర్తి మాట నమ్మదగినది కాదు.

పదవ తరగతి ఉత్తీర్ణులు కాని వారి పాస్‌పోర్టుపై వలస తనిఖీ అవసరమనే ముద్ర ఉంటుంది. అట్టివారు ఉద్యోగానికి వెళ్లేటప్పుడు భారత ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అయిన దేశాల జాబితాలో ఇండోనేషియా కూడా ఉన్నది. నమోదైన ఏజెంట్ల వివరాలు విదేశాంగశాఖ నడిపే ఈ-మైగ్రేట్ వ్యవస్థలో చూడవచ్చు. ఏజెంటు తీసుకోదగిన సేవారుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే.

నియమం ప్రకారం ఉద్యోగంలో చేరినవారికి హక్కులున్నాయి. ఆరు నెలలు, అంతకు మించి పనిచేసే విదేశీయులు ప్రభుత్వ ఆరోగ్యబీమాలో చేరాలి. వృద్ధాప్య పొదుపు ఖాతాకు ఉద్యోగి జీతంలో 2 శాతం, యజమాని 3.7 శాతం జమచేస్తారు. దేశం విడిచి శాశ్వతంగా వచ్చేటప్పుడు ఆ సొమ్ము తిరిగి తీసుకోవచ్చు. ఈ సంగతి తెలియక వదిలివేస్తే కష్టార్జితం అక్కడే ఉండిపోతుంది.

నివాసం, ఇరుగుపొరుగు

ఒంటరిగా వచ్చినవారు కోస్ అనే అద్దెగదులలో నెలవారీగా ఉంటారు. కుటుంబంతో ఉండేవారు ఇల్లు తీసుకుంటే సాధారణంగా ఏడాది అద్దె ముందే చెల్లించాలి. అనేక ఇళ్లలో విద్యుత్తుకు ముందు డబ్బు కట్టి, అంకెల సంకేతాన్ని మీటరులో నొక్కాలి. మూడు కిలోల పచ్చని గ్యాసు బండ పేదలకు ఉద్దేశించినది. దానిని పరదేశీయులు వాడరాదు.

ప్రతి వీధికీ ఇరుగుపొరుగు సంఘం ఒకటి ఉంటుంది. దానికి ఎన్నికైన పెద్దను ‘పాక్ ఎర్‌తె’ అని గౌరవంగా పిలుస్తారు. కొత్తగా వచ్చినవారు 24 గంటలలో ఆయనకు తమ రాక తెలియజేయడం పద్ధతి. రాత్రి కాపలా, చెత్త ఖర్చు, వీధి శుభ్రతకు నెలనెలా చిన్న చందా ఇవ్వాలి. ఈ మర్యాద పాటించినవారికి కష్టకాలంలో మొదట తోడు వచ్చేది ఆ వీధివారే.

పెద్దవారిని పాక్ అని, స్త్రీలను ఇబు అని సంబోధిస్తారు. వస్తువు ఇచ్చేటప్పుడు, పుచ్చుకొనేటప్పుడు కుడిచేతినే వాడాలి. దేశభాషలో మనకు తెలిసిన మాటలు అనేకం ఉన్నాయి. భాషను బహాస అని, పేరును నామ అని, భార్యను ఇస్త్రి అని, భర్తను సువామి అని అంటారు. అయితే ‘దేశ’ అంటే అక్కడ గ్రామం.

ప్రజలలో అత్యధికులు ముస్లిములు. అయినా ఘటోత్కచుడు, భీముడు సుందా కొయ్యబొమ్మలాటలో ఇంటింటా తెలిసిన పాత్రలు. పుర్వకర్తా పట్టణంలో నెలకొల్పిన అట్టి విగ్రహాలను కొన్నింటిని 2011లో ఒక గుంపు కూల్చివేసింది. కాబట్టి మతసంబంధమైన విషయాలలో పరదేశీయులు మాట అదుపులో ఉంచుకోవడం మంచిది.

అన్నం, మిరపపచ్చడి, పచ్చికూరలు నిత్యభోజనం. సాతె మరాంగి అనే మాంసపు పుల్లలు ఈ జిల్లా ప్రసిద్ధ వంటకం. శాకాహారులకు సోయాతో చేసే తెంపె, తాహు దొరుకుతాయి. కాని పచ్చళ్లలో ఎండురొయ్యల ముద్ద కలపడం మామూలు గనుక అడిగి తినవలసి ఉంటుంది.

పశ్చిమ జావా భూకంపాల ప్రాంతం. పొరుగు జిల్లా చియాంజుర్‌లో 2022 నవంబరు 21న వచ్చిన భూకంపంలో వందలాది మంది మరణించారు. ఇల్లు ఎంచుకొనేటప్పుడు గోడలు, కప్పు చూసుకోవాలి.

భూమి ఎవరిది?

అన్నింటికంటే ఎక్కువ నష్టం జరిగేది ఈ విషయంలోనే. ఇండోనేషియా 1960 నాటి భూచట్టం ప్రకారం సంపూర్ణ యాజమాన్య హక్కు ఆ దేశపౌరులకే చెందుతుంది. దానిని హక్ మిలిక్ అంటారు. చట్టపు 26వ విభాగం ఇంకొక మాట స్పష్టంగా చెబుతున్నది. నేరుగా గాని, పరోక్షంగా గాని ఈ హక్కును విదేశీయుడికి బదిలీ చేస్తే ఆ బదిలీ చెల్లదు. భూమి ప్రభుత్వానికి పోతుంది. చెల్లించిన సొమ్మును తిరిగి కోరే హక్కు ఉండదు.

‘స్థానికుడి పేర కొందాం, కాగితం మన దగ్గర ఉంచుకుందాం’ అనే ఏర్పాటును ఈ నియమం దృష్ట్యా చూడాలి. కాగితంపై యజమాని ఆ స్థానికుడే. అతడు అమ్మినా, మరణించినా, మాట మార్చినా న్యాయస్థానంలో చెప్పుకొనేందుకు ఆధారం ఉండదు. కంపెనీ వాటాలను ఇతరుల పేర పెట్టుకునే ఒప్పందాలు కూడా 2007 నాటి పెట్టుబడుల చట్టం ప్రకారం చెల్లవు.

నివాస అనుమతి ఉన్న విదేశీయుడికి ‘వినియోగ హక్కు’పై ఇల్లు కొనే అవకాశం 2021 నియమాలలో ఉన్నది. దాని కాలపరిమితి 30 ఏళ్లు, పొడిగింపు 20 ఏళ్లు, పునరుద్ధరణ 30 ఏళ్లు. కాని అట్టి ఇంటికి ప్రభుత్వం నిర్ణయించిన కనీస ధర ఉన్నది. జతిలుహూర్ వంటి ఊరిలోని సామాన్య ఇల్లు ఆ ధరకు చాలా దిగువన ఉంటుంది. అందువలన సాధారణ కుటుంబానికి మిగిలే న్యాయమైన దారి అద్దె, లేదా దీర్ఘకాలపు కౌలు.

గిరిక్ అనే పాత శిస్తు కాగితాలు చూపి స్థలం అమ్ముతామనేవారు కూడా ఉంటారు. అవి యాజమాన్య పత్రాలు కావు. వాటి ఆధారంగా భూమిని నమోదు చేసుకోవడానికి ఇచ్చిన అయిదేళ్ల గడువు 2026 ఫిబ్రవరితో ముగిసింది.

వ్యాపార పెట్టుబడి

విదేశీయుల పెట్టుబడి కంపెనీకి, భూమి, భవనాలు కాక, ప్రతి వ్యాపారానికి 1,000 కోట్ల రుపయాకు మించిన పెట్టుబడి ప్రణాళిక ఉండాలి. ఇది సుమారు 5 కోట్ల 25 లక్షల రూపాయలు. చెల్లించవలసిన మూలధనాన్ని 2025 అక్టోబరులో 1,000 కోట్ల నుంచి 250 కోట్ల రుపయాకు తగ్గించారు. అదికూడా సుమారు కోటీ ముప్పై లక్షల రూపాయలు. ఎకరం, రెండెకరాలు అమ్మి తెచ్చిన సొమ్ముతో చేసే చిన్న దుకాణం, హోటలు ఈ చట్టంలో ఇమడవు. భారతదేశం నుంచి వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల డాలర్ల వరకు బ్యాంకు ద్వారా పంపవచ్చు. బ్యాంకు రసీదు లేకుండా చేతులు మారిన సొమ్ముకు రెండు దేశాలలోనూ రక్షణ లేదు.

సొమ్ము ఇచ్చే ముందు

ఉద్యోగమైతే యజమాని పేరున వచ్చిన ఆమోదపత్రం, వీసా రకం, ఏజెంటు నమోదు సంఖ్య చూడాలి. స్థలమైతే పత్రంపై ఎవరి పేరు ఉంటుందో ముందుగా అడగాలి. వెళ్లినవారి పాస్‌పోర్టు, వీసా నకళ్లు, వీధిపెద్ద ఫోను నంబరు ఇంటివద్ద ఉంచాలి. ఇబ్బంది కలిగితే జకార్తాలోని భారత రాయబార కార్యాలయాన్ని ఆశ్రయించవచ్చు. జతిలుహూర్‌లో కొన్నేళ్లు ఉండి, పనిచేసి, పొదుపు చేసుకొని తిరిగి రావడానికి చట్టం దారి ఇచ్చింది. ఊరిలోని పొలం అమ్మి అక్కడ పరాయివాని పేర నేల కొనడానికి మాత్రం ఇవ్వలేదు.