సైనికుడి గుండె: ఆరోగ్య ఆందోళన చరిత్రలో ఒక అధ్యాయం

6.1 పరిచయం

గుండె దడదడ కొట్టుకోవడం, ఛాతీలో ఎడమవైపు పొడిచినట్లు నొప్పి, ఊపిరి చాలనట్లు అనిపించడం, కళ్లు తిరగడం. ఈ బాధలు ఒక రోజు తీవ్రంగా ఉండి మరునాటికి తగ్గిపోతాయి, వారం తర్వాత మరో రూపంలో తిరిగి వస్తాయి. పరీక్షల్లో లోపం కనిపించదు. అయినా తనకేదో ప్రాణాంతకమైన జబ్బు ఉందన్న భయం మనిషిని వదలదు. ఈ స్థితిని ఇప్పుడు ఆరోగ్య ఆందోళన అంటున్నారు. పేరు ఇటీవలిదే గాని స్థితి చాలా పాతది.

పక్కటెముకల కింది భాగాన్ని ప్రాచీన గ్రీకు వైద్యులు 'హైపోకాండ్రియా' అన్నారు. అక్కడి అవయవాల్లో నల్లపిత్తం చెడితే అజీర్ణం, విచారం, భయం కలుగుతాయని గాలెన్ సంప్రదాయం చెప్పింది. 1621లో రాబర్ట్ బర్టన్, 1733లో జార్జ్ చెయిన్ రాసిన ఆంగ్ల గ్రంథాల్లో కూడా అది శరీరానికీ మనసుకూ కలిసి వచ్చే వ్యాధే. కాలక్రమంలో శరీరం సంగతి వెనక్కి పోయి, లేని జబ్బును ఊహించుకొనేవాడన్న ఎగతాళి అర్థం మాత్రం ఆ మాటకు మిగిలింది.

ఆ సుదీర్ఘ చరిత్రనంతా ఇక్కడ చెప్పుకోవడం లేదు. 1860ల నుంచి 1940ల వరకు అమెరికన్, బ్రిటిష్ సైన్యాల్లో కనిపించిన ఒకే ఒక సమస్యను పరిశీలిద్దాం. దీనికి కారణం ఉంది. ఇంట్లో కూర్చొని గుండెదడతో భయపడిన సామాన్యుడి గురించి చరిత్రకారుడికి దొరికే ఆధారాలు తక్కువ. సైన్యం అలా కాదు. వేలమంది ఒకే రకమైన బాధతో ఆసుపత్రికి వస్తే ప్రభుత్వానికి అది మానవబలం సమస్య, పింఛను సమస్య. అందుకే రాతపూర్వకమైన ఆధారాలు మిగిలాయి.

6.2 ఫిలడెల్ఫియా: డా కోస్టా పరిశీలన

అమెరికా అంతర్యుద్ధ కాలంలో (1861-65) ఫిలడెల్ఫియాలోని టర్నర్స్ లేన్ సైనిక ఆసుపత్రిలో జేకబ్ మెండెస్ డా కోస్టా అనే వైద్యుడు పనిచేశాడు. తన దగ్గరికి వచ్చిన 300కు పైగా సైనికుల వివరాలతో 1871లో ఒక సుదీర్ఘ వ్యాసం ప్రచురించాడు. అతడు వర్ణించిన రోగి కథ దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. కొన్ని నెలలు కఠినమైన సేవ చేసిన యువకుడికి జ్వరమో విరేచనాలో వస్తాయి. కోలుకొని దళంలోకి తిరిగి వెళ్తాడు. ఇప్పుడు తోటివారితో సమానంగా నడవలేడు. గుండె కొట్టుకుంటుంది, ఛాతీ నొప్పి పెడుతుంది, తల తిరుగుతుంది, వీపు మీది సామాను మోయలేననిపిస్తుంది. చూడడానికి మాత్రం ఆరోగ్యంగానే ఉంటాడు.

డా కోస్టా దీనికి 'చిరాకు పడే గుండె' అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. అతని పరిశీలనలో నేటికీ విలువైన అంశం ఒకటుంది. ఈ సైనికుల నాడి నిలకడగా ఉండేది కాదు. పడుకున్నప్పుడు ఒక వేగం, లేచి నిలబడగానే మరో వేగం. లక్షణాలు మారుతూ ఉండడమే ఈ స్థితి స్వభావమని అతని రాతల నుంచి మనం గ్రహించవచ్చు. చాలామందిలో గుండె నిర్మాణంలో లోపం కనిపించలేదని కూడా చెప్పాడు. అయితే అదుపు చేయకపోతే కొందరిలో గుండె పెరగవచ్చని భావించాడు. విశ్రాంతినీ, డిజిటాలిస్ వంటి మందులనూ సూచించాడు. కారణాల్లో జ్వరాలకు, విరేచనాలకు, మితిమీరిన కవాతుకు పెద్దపీట వేశాడు. భయానికి అతని లెక్కలో దాదాపు చోటు లేదు. తుపాకుల మధ్య నెలల తరబడి బతికిన వారి గురించి రాస్తూ ఈ ఒక్క కారణాన్ని దాటిపోవడం ఇప్పుడు మనకు వింతగా తోస్తుంది. కాని నాటి సైన్యంలో భయం వైద్య విషయం కాదు, క్రమశిక్షణ విషయం.

బ్రిటన్‌లో ఇదే సమయానికి మరో వివరణ ప్రచారంలోకి వచ్చింది. సైనిక వైద్యుడు ఆర్థర్ మయర్స్ 1870లో బిగుతైన దుస్తులనూ ఛాతీని నొక్కే పట్టీలనూ తప్పుపట్టాడు. పట్టీలు వదులు చేయడం మంచి పనే. కాని తర్వాతి యుద్ధాల్లోనూ అవే బాధలు తిరిగి వచ్చాయి.

కృత్యం: ఐదు నిమిషాలు పడుకొని ఒక నిమిషంపాటు మీ నాడి లెక్కించండి. లేచి నిలబడిన వెంటనే మళ్లీ లెక్కించండి. తేడాను నమోదు చేసి, డా కోస్టా పరిశీలనతో పోల్చండి. (రోజూ నాడి చూసుకొనే అలవాటు ఉన్నవారు ఈ కృత్యాన్ని వదిలివేయాలి. కారణం 6.5లో తెలుస్తుంది.)

6.3 మొదటి ప్రపంచ యుద్ధం: మంచం నుంచి మైదానానికి

1914 తర్వాత బ్రిటిష్ సైన్యం నుంచి 'గుండె పనితీరు గతి తప్పింది' అన్న ముద్రతో వేలాది మంది వెనక్కి రాసాగారు. వైద్యుడు స్టెతస్కోపు పెట్టినప్పుడు ఏ చిన్న అదనపు శబ్దం వినిపించినా జబ్బుగా రాయడం అప్పటి అలవాటు. ఆ అలవాటును జేమ్స్ మెకెంజీ గట్టిగా ప్రశ్నించాడు. అతడు బర్న్‌లీ అనే మిల్లుల పట్టణంలో చాలా ఏళ్లు సాధారణ వైద్యుడిగా ఉండి, గుండెలో శబ్దాలున్న వారిని సంవత్సరాల తరబడి గమనించినవాడు. అలాంటివారిలో అనేకులు ఏ ఇబ్బందీ లేకుండా పని చేసుకుంటూ బతికారు. శబ్దం కంటే, ఆ శబ్దం గురించి వైద్యుడు చెప్పిన మాటే కొందరిని మంచాన పడేసిందని అతనికి అర్థమైంది.

1916లో లండన్‌లోని హాంప్‌స్టెడ్‌లో ఇలాంటి సైనికుల కోసం ప్రత్యేక ఆసుపత్రి ఏర్పడింది. తర్వాత అది కోల్చెస్టర్‌కు మారింది. అక్కడ థామస్ లూయిస్ విశ్రాంతి వైద్యాన్ని తలకిందులు చేశాడు. ముందుగా క్షుణ్ణంగా పరీక్షించి నిజమైన గుండె జబ్బు ఉన్నవారిని వేరుచేశాడు. మిగిలినవారికి తేలికపాటి వ్యాయామంతో మొదలుపెట్టి మెల్లగా స్థాయి పెంచాడు. 1918లో ప్రచురించిన గ్రంథంలో దీనికి 'శ్రమ లక్షణ సముదాయం' అన్న అర్థంలో పేరు పెట్టాడు. ఆ పేరులోనే ఒక ఆలోచన ఉంది. మెట్లు పరుగున ఎక్కిన ఆరోగ్యవంతుడికీ గుండె కొట్టుకుంటుంది, ఆయాసం వస్తుంది. ఈ సైనికులకు అదే అనుభవం చాలా తక్కువ శ్రమకే వస్తోంది.

లూయిస్ లక్ష్యం రోగి ఉపశమనం ఒక్కటే కాదన్న సంగతిని విద్యార్థులు మరవకూడదు. ఎవరిని తిరిగి యుద్ధానికి పంపవచ్చో తేల్చడం ఆసుపత్రి పని. కోలుకోవడమంటే కందకానికి తిరిగి వెళ్లడమే అయినప్పుడు, కోలుకోవాలన్న కోరిక రోగిలో ఎంత ఉంటుంది? యుద్ధం ముగిశాక ఇదే ముద్రతో వేలమందికి పింఛన్లు వచ్చాయి. అది న్యాయమైన సహాయమే. అయితే 'నీ గుండె బాగాలేదు' అన్న ప్రభుత్వ ధ్రువపత్రం కూడా దానితోపాటే చేతికి వచ్చింది.

6.4 మిల్ హిల్: రోగులకు పాఠాలు

1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలవగానే లండన్‌లోని మాడ్స్లీ మానసిక వైద్యశాల సిబ్బందిలో కొందరిని మిల్ హిల్‌లోని ఒక పాఠశాల భవనానికి తరలించారు. అక్కడ ఇలాంటి సైనికుల కోసం ఒక విభాగం ఏర్పడింది. హృద్రోగ వైద్యుడు పాల్ వుడ్, మానసిక వైద్యుడు మాక్స్‌వెల్ జోన్స్ అందులో పనిచేశారు.

వుడ్ 1941లో ప్రచురించిన ఉపన్యాసాల్లో 70 ఏళ్ల చర్చను మలుపు తిప్పాడు. ఈ లక్షణాలు శ్రమ కంటే భయానికే దగ్గరగా ఉన్నాయన్నాడు. భయం వల్ల గుండె కొట్టుకుంటుంది. ఆ కొట్టుకోవడాన్ని మనిషి గుండెజబ్బుగా అర్థం చేసుకుంటాడు. ఆ అర్థం నుంచి మరింత భయం పుడుతుంది. అజాగ్రత్తగా మాట్లాడే వైద్యుడు ఈ వలయాన్ని ఇంకా బిగిస్తాడు. మన భాషలో 'గుండె ఝల్లుమంది', 'గుండెల్లో రైళ్లు పరుగెత్తాయి' అన్నప్పుడు ఎవరూ గుండెజబ్బు అనుకోరు. భయానికి కారణం ఎదురుగా ఉంటే ఆ దడ మనకు అర్థమవుతుంది. కారణం కనిపించకుండా, రాత్రి పడుకున్నప్పుడు వస్తేనే చిక్కు.

జోన్స్ చేసిన పని ఇంకా ఆసక్తికరం. సుమారు వందమంది రోగులను ఒకచోట కూర్చోబెట్టి నాడీవ్యవస్థ ఎలా పనిచేస్తుందో, గుండె ఎందుకు వేగం పుంజుకుంటుందో, కండరాలు ఎందుకు నొప్పి పెడతాయో పాఠాలు చెప్పాడు. మొదట అవి ఉపన్యాసాలే. కొంతకాలానికి రోగులు ప్రశ్నలు వేయసాగారు, పాతవారే కొత్తవారికి వివరించసాగారు. 'నీకేమీ లేదు' అని పంపివేయడానికీ, 'నీకు కలుగుతున్నది ఇదీ' అని వివరించడానికీ మధ్య ఉన్న దూరం మిల్ హిల్‌లో స్పష్టంగా కనిపించింది. తర్వాతి కాలంలో 'చికిత్సా సమాజం' పేరుతో జోన్స్ ప్రసిద్ధి చేసిన పద్ధతికి బీజం ఇక్కడే పడింది.

ఊపిరి సంగతి కూడా ఈ దశాబ్దంలోనే చర్చకు వచ్చింది. భయంలో వేగంగా ఊపిరి తీస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి తల తేలిపోవడం, వేళ్లు తిమ్మిరెక్కడం, ఛాతీ బిగుసుకోవడం జరుగుతాయి. 1938లో అమెరికాలో సోలే, షాక్ అనే పరిశోధకులు శ్రమ లక్షణాలకు ఈ అతిశ్వాసతో సంబంధం ఉందని చూపారు.

6.5 యుద్ధం నుంచి ఇంటికి

1986లో బ్రిటన్‌కు చెందిన పాల్ సాల్కోవ్‌స్కిస్, హిలరీ వార్విక్ ఇదే వలయాన్ని సాధారణ పౌరులలో పరిశీలించి ఒక కొత్త విషయం చేర్చారు. 'ఏమీ లేదు' అన్న భరోసా కాసేపు ఊరటనిస్తుంది. ఊరట తగ్గగానే మళ్లీ భరోసా కావాలి. నాడి పట్టుకొని చూడడం, గడ్డ ఉందేమోనని తడుముకోవడం, మరో వైద్యుడి దగ్గరికి పరుగెత్తడం, ఇంట్లోవాళ్లను పదేపదే అడగడం - ఇవన్నీ భయాన్ని ఆపేవిగా కనిపిస్తూ దాన్ని పోషిస్తాయి. మాటిమాటికీ నొక్కి చూసిన చోట నొప్పి రావడంలో ఆశ్చర్యం లేదు. ఈ అవగాహనతో రూపొందిన చికిత్సలో అలాంటి తనిఖీలను క్రమంగా తగ్గిస్తారు, మానేసిన నడకనూ పనులనూ మెల్లగా తిరిగి మొదలుపెట్టిస్తారు. లక్షణం వచ్చినప్పుడు దానికి ఉండగల ఇతర కారణాలను, అంటే నిద్రలేమి, టీ, ఎండ, ఆకలి, గొడవ వంటివాటిని రోగితోనే ఆలోచింపజేస్తారు. కోల్చెస్టర్ వ్యాయామం, మిల్ హిల్ పాఠం రెండూ ఇందులో గుర్తుపట్టవచ్చు. అయితే కందకానికి పంపే తొందర ఇందులో లేదు. 2013లో అమెరికన్ మానసిక వైద్య సంఘం తన వర్గీకరణలో 'హైపోకాండ్రియాసిస్' అన్న పేరునే తొలగించింది. ఆ మాటకు అంటుకున్న ఎగతాళి కూడా అందుకు ఒక కారణం.

ముందుగా పరీక్ష చేయించుకోవడం అన్న లూయిస్ మొదటి మెట్టు మాత్రం మారలేదు. శ్రమ చేసినప్పుడు ఛాతీని అదిమినట్లు నొప్పి వచ్చి చేతికో దవడకో పాకడం, స్పృహ తప్పడం, ఎన్నడూ లేని ఆయాసం - వీటిని ఆందోళన ఖాతాలో వేయకుండా వెంటనే వైద్యుడికి చూపించాలి. ఎందరో సైనికుల గుండె బాగానే ఉందని చెప్పిన పాల్ వుడ్ స్వయంగా 1962లో గుండెపోటుతో మరణించాడు.