పచ్చగీత వెనక సున్నా

"ముగ్గురికి జీతం పడలేదు. మీ రిపోర్టులో మాత్రం అంతా సవ్యమే అని ఉంది." ఫోన్లో యూరప్ క్లయింటు అంతకు మించి ఒక్క మాట అనలేదు. మాదాపూర్‌లో రాత్రి పదకొండున్నర. ఫ్లోరంతా ఖాళీ. నేనూ, టీమ్‌లోకి కొత్తగా వచ్చిన కరీంనగర్ కుర్రాడూ మిగిలాం.

చెల్లింపుల సంగతి తేల్చి బ్యాంకు పంపే ఎక్స్ఎంఎల్ ఫైలు పేరు పెయిన్.002. పేమెంట్ ఇనీషియేషన్‌కు అది పొట్టిపేరు. ఆ రాత్రి మాకైతే ఇంగ్లీషు అర్థమే సరిపోయింది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే కళ్లెదుటే ఉంది: నలభై చెల్లింపుల్లో మూడింటికి, స్థితి చెప్పే టీఎక్స్ఎస్‌టీఎస్ ట్యాగులో ఆర్‌జేసీటీ, అంటే తిరస్కరణ. కారణం ఏసీ04, మూసేసిన ఖాతా. వాటిని పట్టుకోవాల్సిన మా టెస్టు పచ్చగానే ఉంది.

ఆ టెస్టులో, ఎక్స్ఎంఎల్ ఫైల్లో వెతికే భాష అయిన ఎక్స్‌పాత్ అడిగేది ఒక్కటే. ఆర్‌జేసీటీ ఉన్న టీఎక్స్ఎస్‌టీఎస్‌లు ఫైల్లో ఎక్కడున్నా లెక్కపెట్టు. సున్నా వస్తే పాస్.

"షరతు తీసెయ్. ఊరికే ఆ ట్యాగులు ఎన్నున్నాయో అడుగు," అన్నాను.

రన్ కొట్టాడు. "సున్నానే వస్తున్నదన్నా."

నలభై ఉన్నచోట సున్నా! ఫైలు పైకి వెళ్లాం. మొదటి ట్యాగులోనే ఎక్స్ఎంఎల్ఎన్ఎస్ అంటూ ఐఎస్ఓ 20022 పేరున్న పొడుగాటి నేమ్‌స్పేస్. అది ఇంటిపేరు లాంటిది. లోపలి ట్యాగులన్నిటికీ వర్తిస్తుంది. 1999 నవంబరులో వచ్చిన ఎక్స్‌పాత్ 1.0 పట్టింపు ఏమిటంటే, వట్టి పేరుతో పిలిస్తే అసలు ఇంటిపేరే లేనివాళ్లు మాత్రమే పలుకుతారు. మా ఫైల్లో అలాంటిది ఒక్కటీ లేదు. ఎర్రరైనా ఇవ్వదు, ఊరికే ఖాళీ చేతులు చూపిస్తుంది.

కోడ్‌లో 'పి' అనే ప్రిఫిక్స్‌కు ఆ నేమ్‌స్పేస్‌ను ముడిపెట్టాం. 'పి' బదులు ఇంకేది పెట్టినా ఫర్వాలేదు, నేమ్‌స్పేస్ మాత్రం అక్షరం తేడా రాకూడదు. కుర్రాడు హుషారుగా షరతు తిరగరాశాడు: టీఎక్స్ఎస్‌టీఎస్, ఆర్‌జేసీటీకి సమానం కాదు. మళ్లీ పచ్చ.

"ఇదేందన్నా!"

గుంపును ఒక విలువతో పోలిస్తే, అందులో ఒక్కటి సరిపోయినా ఎక్స్‌పాత్ నిజమే అంటుంది. వేరుగా ఉన్నవి ముప్పై ఏడు ఉన్నాయి మరి. 'సమానం' అని రాసి, మొత్తానికి బయట నాట్ తొడిగించాను. దానికంటే ముందు, ట్యాగులు నలభై దొరికాయా అని ఇంకో టెస్టు. అది లేకపోతే ఖాళీ గుంపు మీద నాట్ కూడా పాసే.

ఒంటిగంటకు ఎర్రగా ఫెయిలైంది. హమ్మయ్య అనుకున్నాం.

"ఇంతకీ పాత టెస్టు రాసింది ఎవరన్నా?" అంటూ వాడు, ఏ లైను ఎవరు రాశారో చూపే గిట్ బ్లేమ్ కొట్టబోయాడు.

నేను కాఫీ మెషీన్ దాకా వెళ్లొస్తానన్నాను.