అంబాసిడర్ రిపేరు మనకెందుకు వచ్చు?

పాత కార్ల గురించి ఎక్కడ మాటొచ్చినా ఒక డైలాగు తప్పకుండా వినబడుతుంది. "అంబాసిడర్ అంటే అంబాసిడరేనండీ. ఎక్కడ ఆగినా రోడ్డు పక్కనే బాగుచేసుకుని వెళ్ళిపోయేవాళ్ళం. ఇప్పటి కార్లు లాప్‌టాప్ తగిలిస్తే గానీ జబ్బేంటో చెప్పవు" అని. అబద్ధమేం కాదు. కాకపోతే అది సగం కథే. రోడ్డు పక్కన బాగుచేసుకున్నారు సరే, అసలు రోడ్డు పక్కన ఎందుకాగింది? 1960లో ఆగిన కారణానికే 1985లో కూడా ఎందుకాగింది? రోజూ బగ్గులతో కాపురం చేసే మనకైనా ఈ అనుమానం రావాలి కదా. పాతికేళ్ళ పాటు ఒకే బగ్గుకి ఒకే వర్కరౌండు వాడుతున్నామంటే, ఆ వర్కరౌండుని చూసి మురిసిపోవాలా?

ముందు జబ్బుల సంగతి చూద్దాం, చరిత్ర అందులోంచే బయటికొస్తుంది.

ఎండాకాలం, మధ్యాహ్నం, నిండా జనం, డిక్కీ నిండా సామాను. బండి కాసేపు దగ్గి, ఆగిపోతుంది. డ్రైవరు దిగి బానెట్టెత్తి, తడిగుడ్డ ఒకటి పెట్రోలు పంపు మీద కప్పి, చెట్టుకింద బీడీ కాల్చుకుంటాడు. పావుగంటకి బండి స్టార్టవుతుంది. పిల్లలకి అదో మంత్రంలా కనబడేది. మంత్రమేం లేదు, దాని పేరు వేపర్ లాక్. ఈ కార్లలో పెట్రోలు పంపు ఇంజనుకే బిగించి ఉంటుంది. ఇంజను తిరుగుతుంటే కామ్‌షాఫ్టు తోపుకి పంపులోని పొర పైకీ కిందకీ కదులుతూ వెనకాల ట్యాంకులోంచి పెట్రోలుని లాక్కుంటుంది. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఒకటి, పంపు కూర్చున్న చోటే వేడి ఎక్కువ. రెండోది, లాగే వైపు గొట్టంలో ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గితే ద్రవం ఇంకా తక్కువ వేడికే మరుగుతుంది. గొట్టంలో పెట్రోలు ఆవిరైపోయిందంటే పంపు ఆ ఆవిరినే నొక్కుతూ వదులుతూ కూర్చుంటుంది, కార్బురేటర్‌కి చుక్క చేరదు. తడిగుడ్డ పంపుని చల్లబరుస్తుంది, ఆవిరి మళ్ళీ పెట్రోలవుతుంది. అంతే.

దీనికి అసలైన మందు కూడా అందరికీ తెలిసిందే. ట్యాంకు దగ్గర ఒక కరెంటు పంపు పెట్టి పెట్రోలుని లాగకుండా తోయించడం. తోస్తే గొట్టంలో ఒత్తిడి పెరుగుతుంది, ఆవిరయ్యే అవకాశం తగ్గుతుంది. సొంత డబ్బులతో అలా పెట్టించుకున్నవాళ్ళూ ఉన్నారు. పెట్టించుకోని వాళ్ళు తడిగుడ్డే వాడారు.

ఎండ లేకపోయినా ఆగిందనుకోండి, అప్పుడు మెకానిక్కు రెండే ప్రశ్నలు వేసేవాడు: కరెంటొస్తోందా, పెట్రోలొస్తోందా? నాకైతే ఇంతకన్నా చక్కటి డీబగ్గింగు పాఠం కనబడలేదు. ప్లగ్గు విప్పి, దాని ఒంటిని ఇంజనుకి ఆనించి, సెల్ఫు కొట్టి చూస్తే నిప్పురవ్వ కనబడాలి. కనబడితే జబ్బు పెట్రోలు వైపు. కార్బురేటర్ దగ్గర గొట్టం ఊడదీసి మళ్ళీ సెల్ఫు కొడితే పెట్రోలు చిమ్మాలి (ఈ రెండు పరీక్షలూ ఒకేసారి చెయ్యకూడదని వేరే చెప్పక్కర్లేదనుకుంటా!). రవ్వ లేకపోతే నూటికి తొంభై సార్లు నేరం పాయింట్లది. డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే లోపల ఒకదాన్నొకటి తాకుతూ విడిపోతూ ఉండే రెండు చిన్న మొనలుంటాయి. వాటి మధ్య ఖాళీ సుమారు 0.015 అంగుళం ఉండాలి. కొలత పరికరం లేకపోతే విజిటింగ్ కార్డు ముక్క దూర్చి సరిచూసేవాళ్ళు. మొనలు మాడితే ఉప్పుకాగితంతో రుద్దడమే. రుద్దినా మళ్ళీ రెండ్రోజులకే మాడుతున్నాయంటే పక్కనున్న కండెన్సర్ పోయినట్టు. అది మార్చకుండా పాయింట్లు మాత్రమే మారుస్తూ పోతే కస్టమరు నెలనెలా వస్తాడు. అలా వచ్చినవాళ్ళు తక్కువేం కాదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పాత బళ్ళలో ఆల్టర్నేటర్ ఉండేది కాదు, డైనమో. ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు అది సరిగా ఛార్జి ఇవ్వదు. రాత్రి లైట్లేసుకుని ఊళ్ళో తిరిగితే తెల్లారేసరికి బ్యాటరీ డౌను. అప్పుడు నలుగురూ తొయ్యాలి, లేదా ముందు నుంచి హ్యాండిల్ దూర్చి తిప్పాలి. హ్యాండిల్ పట్టుకున్నప్పుడు బొటనవేలు కూడా మిగతా వేళ్ళ వైపే పెట్టమని పెద్దవాళ్ళు అరిచేవాళ్ళు. ఇంజను వెనక్కి తంతే వేలు విరిగేది మరి. స్టీరింగు పక్కనుండే గేరు రాడ్డుకీ కింద గేరుబాక్సుకీ మధ్య బోలెడన్ని లింకులు, వాటి బుష్షులు అరిగితే గేరు మధ్యలో ఇరుక్కునేది, బానెట్టెత్తి చేత్తో కదిపి విడదీయాల్సిందే. రేడియేటర్ మరిగితే చాలామంది మెకానిక్కులు థర్మోస్టాట్ పీకి పారేసేవాళ్ళు, "మన ఎండలకి అదెందుకు సార్" అంటూ. దాంతో ఇంజను వేడెక్కడానికి ఎక్కువసేపు పట్టి పెట్రోలు కాస్త ఎక్కువ తాగేది, అరుగుదలా పెరిగేది. అసలు జబ్బు పూడుకుపోయిన రేడియేటర్‌లోనో, వదులైన ఫ్యాన్ బెల్టులోనో అలాగే ఉండిపోయేది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిలు పాలెక్కువైన టీ రంగులో ఉందంటే మాత్రం హెడ్ గాస్కెట్ పోయినట్టే, ఇక తడిగుడ్డలు పనిచెయ్యవు.

ఇప్పుడు అసలు ప్రశ్నకొద్దాం. ఇవన్నీ అన్నేళ్ళు అలాగే ఎందుకున్నాయి?

హిందుస్తాన్ మోటార్స్‌ని బిర్లాలు 1942లో పెట్టారు. మొదట గుజరాత్‌లోని ఓఖా రేవులో, 1948లో కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాకి మారింది. బ్రిటిష్ కంపెనీ మోరిస్ మోడళ్ళకి ఇక్కడి పేర్లు పెట్టి అమ్మేవాళ్ళు. 1950లలో వచ్చిన లాండ్‌మాస్టర్ అలాంటిదే. 1957-58 ప్రాంతంలో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ మూడు మన అంబాసిడర్ అయ్యింది. గమ్మత్తేమిటంటే, ఇంగ్లండులో ఆ సిరీస్ మూడుని 1959లోనే ఆపేసి కొత్త ఆకారంతో వేరే కారు తెచ్చేశారు. మన దగ్గర అదే రూపం 2014 మే దాకా నడిచింది. మార్క్ టూ, మార్క్ త్రీ, మార్క్ ఫోర్, నోవా అని పేర్లు మారాయి, ముందు గ్రిల్లు మారింది. 1489 సీసీ పెట్రోలు ఇంజను మాత్రం మూడు దశాబ్దాల పైన అదే కుటుంబం. వెర్షన్ నంబరు మార్చి రిలీజు నోట్సులో "చిన్నచిన్న మార్పులు" అని రాసే అలవాటు మన ఫీల్డులో పుట్టిందేం కాదన్నమాట.

కంపెనీని తిట్టడం తేలిక. కానీ మార్పు ఎందుకు రావాలి చెప్పండి? 1953లో టారిఫ్ కమిషన్ సిఫార్సుతో, విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించి అమ్మే పద్ధతి కుదరదు, ఇక్కడే తయారుచేసే వాళ్ళే ఉండాలి అని ప్రభుత్వం తేల్చింది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ దుకాణం సర్దుకున్నాయి. కార్లలో ప్రధానంగా మిగిలింది ముగ్గురు: ఉత్తర్‌పారాలో హిందుస్తాన్, బొంబాయిలో ఫియట్లు చేసే ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్. బయటి కార్లు రావు. ఎన్ని చెయ్యాలో లైసెన్సు చెబుతుంది. కొత్త అచ్చులూ యంత్రాలూ తెచ్చుకోవాలంటే విదేశీ మారకం కావాలి, అది దొరకదు. కొనేవాడు డబ్బు కట్టి ఏళ్ళ తరబడి క్యూలో ఉంటాడు. తడిగుడ్డ కప్పాల్సి వచ్చినా కొంటాడు, ఎందుకంటే పక్క కారుకీ తడిగుడ్డే.

ఫిర్యాదులు రాలేదా అంటే వచ్చాయి. ఎంతగా వచ్చాయంటే 1967లో కార్ల నాణ్యత మీద కేంద్రం ఏకంగా ఒక విచారణ సంఘాన్నే వేసింది. ఆ వెంటనే 1969లో కార్ల ధరలు కూడా ప్రభుత్వమే నిర్ణయించింది, కంపెనీలు సుప్రీంకోర్టుకెక్కాయి. వాళ్ళ వాదనలోనూ పస లేకపోలేదు: తక్కువ బళ్ళు చెయ్యమంటావు, తక్కువకి అమ్మమంటావు, నాణ్యత మాత్రం పెంచమంటావు, ఎలా? నా మటుకు నాకు ఇందులో కంపెనీ పాపం సగం, ఢిల్లీ పాపం సగం. బిల్లు మాత్రం ఇద్దరూ కట్టలేదు. కారు కొన్నవాడూ, టాక్సీ డ్రైవరూ కట్టారు, ఎండలో నిలబడి.

అయితే ఈ గడ్డకట్టుకుపోయిన డిజైను వల్ల ఒక వింత లాభం కలిగింది, అది ఒప్పుకోవాలి. 1962లో పని నేర్చుకున్న కుర్రాడి విద్య 1988లోనూ చెల్లింది. విజయవాడ ఆటోనగర్‌లో గానీ, ఏ తాలూకా కేంద్రంలోని వేపచెట్టు కింది షెడ్డులో గానీ ఆ విద్య ఒక చేతి నుంచి ఇంకో చేతికి పుస్తకం లేకుండా వెళ్ళింది. కమాను కట్టలు సాగదీసి మళ్ళీ వంచడం, బుష్షులు లేతు మీద తీయించడం, ఇంజను బోరు చేయించడం, ఇవన్నీ విడిభాగాలు దొరకని దేశం నేర్పిన విద్యలు. అన్నట్టు, 1982లో ఎన్టీ రామారావు రాష్ట్రమంతా తిరిగిన చైతన్యరథం పాత షెవర్లే వ్యాను. జనరల్ మోటార్స్ దేశం వదిలి అప్పటికి పాతికేళ్ళు దాటింది! కంపెనీ సపోర్టు ఆగిపోయిన బండి ఊరూరా తిరిగిందంటే, దాన్ని కాచుకున్న చేతులు ఎవరివో ఏ పేపరూ రాయలేదు.

ఆ విద్యకి మొదటి దెబ్బ 1983 డిసెంబరులో తగిలింది, మారుతి 800 రూపంలో. జనం అంబాసిడర్ మీద ప్రేమ ఎంతుందో అప్పుడు బయటపడింది. పదేళ్ళలో సొంత కారు అంటే మారుతి. అంబాసిడర్‌కి మిగిలింది సర్కారు ఆఫీసులూ, టాక్సీలూ. టాక్సీల్ని నిలబెట్టింది కూడా 1980లో వచ్చిన డీజిల్ ఇంజనే. హార్స్‌పవర్ నలభై కూడా లేదు, ఘాట్ రోడ్డెక్కుతుంటే దిగి నడిచి వెళ్తే నయమనిపించేది, కానీ కిలోమీటరు ఖర్చు గిట్టుబాటయ్యేది. 1992లో జపాను ఇసుజు పెట్రోలు ఇంజనూ, అయిదు గేర్లూ పెట్టేసరికి కారు నిజంగానే బాగుపడింది. ముప్ఫై ఏళ్ళు ఆలస్యంగా.

2017లో ఆ పేరుని ఫ్రాన్సు కంపెనీ ప్యూజో ఎనభై కోట్లకి కొనుక్కుంది. బండి పోయినా బళ్ళు పోలేదు, ఇప్పటికీ ఇంట్లో ఒకటి ఉంచుకున్నవాళ్ళు మనలోనూ ఉన్నారు. వాళ్ళకో ముక్క. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత రబ్బరు దాన్ని తట్టుకోదు, గొట్టాలు మెత్తబడి పగుళ్ళిస్తాయి, పంపులో పొర ఉబ్బుతుంది. ఇథనాల్ కలిస్తే వేడికి ఆవిరయ్యే గుణమూ కాస్త పెరుగుతుంది. అంటే తడిగుడ్డ రోజులు మళ్ళీ వచ్చినట్టే. గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునేవి వేయించండి, పంపు పొర మార్పించండి, కరెంటు పంపు ట్యాంకు దగ్గర పెట్టించండి, దాని స్విచ్చు చేతికందేలా ఉంచుకోండి. ఈసారి ఎండాకాలం రాకముందే.