వీడియోలో ఫొటో కొలతలు: క్యాప్షన్ కార్డు నుంచి నిలువు తెర దాకా

వీడియోలో ఫొటో పెట్టేముందు రెండు సంగతులు తేలాలి. ఒకటి తెర వెడల్పుకూ ఎత్తుకూ ఉన్న నిష్పత్తి, రెండోది ఆ తెర నిండడానికి కావలసిన పిక్సెళ్లు. నాయుడుపేటలో పెళ్లి వీడియోలు చేసే స్టూడియోకైనా, హైదరాబాద్ వార్తా చానల్‌కైనా లెక్క ఒకటే. ఆ లెక్క ఎక్కడ తప్పుతుందన్నదే కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది.

టెలివిజన్ తొలి దశలో ఫొటోను అట్టకు అంటించి కెమెరా ముందు నిలబెట్టేవారు. ఈ క్యాప్షన్ కార్డు 4:3 నిష్పత్తిలో ఉండాలి, చుట్టూ కొంత ఖాళీ వదలాలి. ఇళ్లలోని పిక్చర్ ట్యూబు టీవీలు బొమ్మ అంచులను కొంత మింగేసేవి కాబట్టి, అంచుదాకా రాసిన అక్షరాలు ప్రేక్షకుడికి చేరేవి కావు. సినిమా వాళ్లు రోస్ట్రమ్ కెమెరా వాడేవారు. ఫొటోను బల్లమీద పరిచి, పైనుంచి కెమెరాను మెల్లగా జరుపుతూ తీసేవారు. కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డు 1957లో తీసిన ‘సిటీ ఆఫ్ గోల్డ్’, అమెరికాలో కెన్ బర్న్స్ 1990లో తీసిన ‘ది సివిల్ వార్’ డాక్యుమెంటరీలు ఈ పద్ధతికి పేరు తెచ్చాయి. జూమ్ చేయాలంటే తెరకు సరిపోయేదానికన్నా ఎక్కువ వివరం ఫొటోలో ఉండాలన్న సూత్రం అక్కడే స్థిరపడింది.

మన దేశంలో రంగుల ప్రసారాలు 1982లో వచ్చాయి. ఆ దశాబ్దంలోనే వీహెచ్‌ఎస్ పెళ్లి వీడియోలు చిన్న పట్టణాలకూ చేరాయి. ఆ ప్రసారాలు వాడిన పాల్ పద్ధతిలో 625 గీతలు, వాటిలో బొమ్మకు పనికొచ్చేవి 576. వీహెచ్‌ఎస్ టేపులో అడ్డంగా నిలిచే వివరం ఇంకా తక్కువ. కెమెరాతోనే ఆల్బమ్‌లోని ఫొటోను తీసి పాటకు జతచేసినా లోపం కనబడేది కాదు. అందుకే ఆ తరం ఆపరేటర్లకు కొలతల బెడద పెద్దగా తగల్లేదు.

అసలు చిక్కు కంప్యూటర్ మిక్సింగ్‌తో మొదలైంది. డిజిటల్ వీడియో కోసం 1982లో కుదిరిన అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఒక్కో గీతకు 720 శాంపిళ్లు. 1995 ప్రాంతంలో వచ్చిన డీవీ టేపు కూడా 720×576 కొలతనే తీసుకుంది. కానీ 720ని 576తో భాగిస్తే 4:3 రాదు. తెరమీద ఆ పిక్సెల్ చతురస్రం కాదు, కొంచెం వెడల్పైనది. ఫొటోషాప్‌లో చతురస్ర పిక్సెళ్లతో 720×576 బొమ్మ చేసి టైమ్‌లైన్‌లో పెడితే, టీవీలో పెళ్లికూతురి ముఖం దాదాపు ఏడు శాతం లావుగా కనబడేది. గుండ్రటి బొట్టు కోలగా మారేది. బొమ్మను 768×576లో చేసి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ చేత 720కి కుదింపజేయడమే దీనికి మందు. 2003లో వచ్చిన ఫొటోషాప్ సీఎస్ చతురస్రం కాని పిక్సెళ్లను చూపడం మొదలుపెట్టాక ఈ పని తేలికైంది. దీనికి తోడు గీతల వణుకు ఒకటి. ఇంటర్‌లేస్ వీడియోలో సరి, బేసి గీతలు వంతులవారీగా వస్తాయి. అందువల్ల పట్టుచీర సన్నంచులు, శుభలేఖలోని చిన్న అక్షరాలు తెరమీద అదిరేవి. ఫొటోను నిలువుదిశలో కాస్త మసకబారిస్తే అదురు తగ్గేది.

డీపీఐ గురించిన అపోహ కూడా ఆ కాలానిదే. వీడియో ఫొటోకు 72 డీపీఐ ఉండాలని చాలామంది బలంగా నమ్మారు. నిజానికి డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క, అది అచ్చుకూ స్కానింగుకూ సంబంధించినది. వీడియోకు లెక్క పిక్సెళ్లే. పెద్దకర్మ వీడియోకు ఇంట్లోవాళ్లు ఒక్క పాస్‌పోర్టు ఫొటో తెచ్చిస్తే ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. 35×45 మిల్లీమీటర్ల ఆ ఫొటోను 300 డీపీఐలో స్కాన్ చేస్తే వచ్చేది దాదాపు 413×531 పిక్సెళ్లు, హెచ్‌డీ తెర ఎత్తులో సగం కూడా లేదు. 1200లో స్కాన్ చేస్తే ఎత్తు 2,126 పిక్సెళ్లకు చేరుతుంది. ప్రింటులోనే లేని వివరాన్ని స్కానర్ పుట్టించలేదు గానీ, ఉన్నదాన్ని పోనివ్వదు.

హెచ్‌డీ రాకతో 16:9 నిష్పత్తిలో 1920×1080 చట్రం, చతురస్ర పిక్సెల్ స్థిరపడ్డాయి. మధ్యలో వచ్చిన హెచ్‌డీవీ టేపు మాత్రం 1440×1080. పాత 4:3 బొమ్మలను 16:9కి సాగదీసే దురలవాటు కూడా అప్పుడే ప్రబలింది. అది మనిషిని మూడోవంతు లావు చేస్తుంది. పక్కన నల్ల పట్టీలు ఉండనివ్వడం ఎంతో మేలు. 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఇచ్చే 6000×4000 ఫొటో మొత్తం కనబడాలంటే 1620×1080కి తగ్గుతుంది, రెండువైపులా 150 పిక్సెళ్ల చొప్పున ఖాళీ మిగులుతుంది. తెర నింపి, ఒకటిన్నర రెట్లు జూమ్ చేయాలంటే 2880×1920 సరిపోతుంది.

ఇప్పుడు కొరత తీరి, అతి వచ్చింది. 12×36 అంగుళాల కరిజ్మా ఆల్బమ్ షీటు 300 డీపీఐలో 10,800×3,600 పిక్సెళ్లు. ఆ ఫైలును కంప్యూటర్ మెమరీలో విప్పితే ఒక్కటే 110 మెగాబైట్లు దాటుతుంది. అలాంటివి నలభై వరసగా టైమ్‌లైన్‌లో పెడితే మామూలు కంప్యూటర్ మొరాయిస్తుంది, పైగా బాగా కుదించిన బొమ్మలో నగల అంచులు మిలమిలలాడతాయి.

తెరలు కూడా రెండు కొసలకూ వెళ్లాయి. నాయుడుపేటకు దక్షిణాన సూళ్లూరుపేటలో 2019లో తెరిచిన వి ఎపిక్ థియేటర్ తెర దాదాపు వంద అడుగుల వెడల్పు. సినిమా హాళ్లకు 4కే స్కోప్ కొలత 4096×1716. ఇంటి 4కే టీవీకి 3840×2160. రెండో కొసన సెల్‌ఫోన్ నిలువు తెర, 1080×1920. పీటలమీద జంటను అడ్డంగా తీసిన 6000×4000 ఫొటోతో ఈ తెరను నింపితే వెడల్పులో మిగిలేది 37.5 శాతమే. వధువు ఉంటే వరుడు ఉండడు. అక్కడ కత్తిరింపు ఎడిటర్ కంటితో, ఫొటో వెంట ఫొటోగా జరగాలి. సాఫ్ట్‌వేర్‌కు వదిలేసే పని కాదు.

వీడియో కోసం కొలత తగ్గించేటప్పుడు ఎప్పుడూ నకలు మీదే చేయాలి. మూల ఫైలును ముట్టుకోకుండా దాచాలి. 720×576కి కుదించి అసలును చెరిపేసిన ఫొటోల్లో పోయిన వివరాన్ని ఈనాటి తెర కోసం తిరిగి రప్పించే దారి లేదు.