పన్నుకు లెక్క అడిగిన ఊరు

ఊరికి మున్సిపాలిటీ వస్తే ఎక్కడైనా సంబరమే. కొళాయిలు వస్తాయి, వీధి దీపాలు వస్తాయి, రోడ్లు పడతాయని జనం ఎదురుచూస్తారు. చీరాలలో మాత్రం మున్సిపాలిటీ వచ్చిందని జనం ఊరినే ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఇప్పుడున్న పురపాలక సంఘం 1948లో ఏర్పడింది. డెబ్బై అయిదేళ్లు నిండిన ఈ సంస్థ కథను ఆ వలస నుంచి మొదలుపెడితేనే తక్కినదంతా అర్థమవుతుంది.

మొదట్లో చీరాల, పేరాల గ్రామాలు యూనియన్ అనే చిన్న స్థానిక సంస్థ కింద ఉండేవి. వసూలయ్యే పన్ను ఏడాదికి నాలుగు వేల రూపాయలు. 1919లో మద్రాసు ప్రభుత్వం ఈ రెండు ఊళ్లనూ కలిపి మున్సిపాలిటీ చేసింది. పన్ను భారం ఒక్కసారిగా 40 వేలకు పెరిగింది. అప్పటికి జనాభా సుమారు 15 వేలు. అందులో ఎక్కువమంది నేతగాళ్లు, కూలీలు, చిన్న వర్తకులు. నూలు అరువు తెచ్చుకుని, నేసిన బట్ట అమ్ముడుపోయాక బాకీ తీర్చే ఇంటికి పదింతల పన్ను ఎంత బరువో వేరే చెప్పనక్కర్లేదు. ఇంతా కట్టాక తమ వీధికి అదనంగా ఏం వస్తుందో చెప్పినవాళ్లు లేరు. మున్సిపాలిటీ కావాలా అని అడిగినవాళ్లు అసలే లేరు. అర్జీలు పెట్టుకున్నారు, ఫలితం లేదు. కౌన్సిలర్లు రాజీనామా చేస్తే ప్రభుత్వం జీతం ఇచ్చి ఛైర్మన్‌ను పెట్టి నడిపించింది. పన్ను కట్టనన్నవాళ్లను జైలుకు పంపింది. వాళ్లలో ఒక మహిళ కూడా ఉన్నారు.

అప్పుడు ముందుకొచ్చిన నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఎడింబరో వెళ్లి ఎం.ఏ. చదివి వచ్చి, రామదండు పేరుతో వాలంటీర్ల దళాన్ని కూర్చిన మనిషి. 1921 ఏప్రిల్‌లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలు ముగించుకుని గాంధీ చీరాల వచ్చారు. శాంతియుతంగా పన్ను నిరాకరించడం ఒక దారి, ఊరు వదిలి వెళ్లడం రెండో దారి అన్నారు. చీరాల రెండోదే ఎంచుకుంది. మున్సిపల్ పొలిమేర దాటి, రామనగర్ అని పేరు పెట్టుకుని పాకలు వేసుకున్నారు. నడివేసవిలో వెళ్లినవాళ్లు దాదాపు పదకొండు నెలలు అక్కడే కాపురాలు చేశారు.

ఈ ఘట్టాన్ని స్వాతంత్ర్య పోరాటంలో ఒక వీరగాథగా పాఠ్యపుస్తకాలు చెబుతాయి. పురపాలన వైపు నుంచి చూస్తే మరొకటి కనిపిస్తుంది. రామనగర్‌కు వెళ్లినవాళ్లు ఊరి సేవలు వద్దనలేదు. అక్కడ వాళ్లే పంచాయతీ పెట్టుకుని తగవులు తీర్చుకున్నారు. కాపలా, క్రమశిక్షణ రామదండు చూసుకుంది. సర్కారు ఆజ్ఞ లేకుండా జనం తమకు తాముగా నడుపుకున్న చిన్నపాటి పురపాలక సంఘం అది. అది నిలబడకపోవడానికి పెద్ద కారణం డబ్బు. గుంటూరు జిల్లాలో ప్రసంగించకూడదని గోపాలకృష్ణయ్యపై నిషేధం పెట్టారు. ఆయన బరంపురంలో మాట్లాడితే అరెస్టు చేసి ఏడాది పాటు తిరుచినాపల్లి జైల్లో పెట్టారు. ఆయన జైలుకు వెళ్లాక చందాలు అడుగంటాయి, పనులు దొరకలేదు. జనం తిరిగి ఇళ్లకు చేరక తప్పలేదు.

చీరాల దీని నుంచి రెండు పాఠాలు అనుభవం మీద నేర్చుకుంది. జనం ఒప్పుకోని పన్నుతో మున్సిపాలిటీ సజావుగా నడవలేదు. నికరమైన రాబడి లేకుండా, జనం ప్రాణంగా చూసుకున్న రామనగరూ నడవలేదు. 1948 తర్వాత కౌన్సిళ్లు చేసిన పనినంతా జనం సమ్మతినీ, నికరమైన రాబడినీ ఒక తాటి మీదికి తెచ్చే ప్రయత్నంగా చూడవచ్చు.

పని ఎలాంటిదో తెలియాలంటే ఇక్కడి నేల తెలియాలి. చీరాల కృష్ణా పశ్చిమ డెల్టా కొసన, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. సముద్రతీరంలోని వాడరేవు దగ్గర్లోనే ఉంది. 1977 నవంబరు నాటి దివిసీమ ఉప్పెన నుంచి 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ వరకు ఈ తీరానికి తుపానులు కొత్తకాదు. దీనికి తోడు ఇక్కడ ఇల్లే కార్ఖానా. గుంట మగ్గం నేలలోకి దిగి ఉంటుంది. నేతగాడు కాళ్లు గుంటలోకి జారవిడిచి కూర్చుని నేస్తాడు. సైడు కాలువ పూడుకుపోయి వాన నీళ్లు ఎగదన్నితే ముందు నిండేది ఆ గుంటే. నీళ్లు తోడాలి, గుంట ఆరాలి, అప్పటిదాకా నేత బంద్, కూలీ బంద్. అక్టోబరు లోపల కాలువల్లో పూడిక తీయించిన కౌన్సిల్ నేతగాడి కూడు కాపాడినట్టే. తాగునీటి విషయమూ అంతే. డెల్టా చివరి ఊళ్లకు కాలువ నీరు అందరికంటే ఆలస్యంగా చేరుతుంది. వేసవికి ముందే నిల్వ చూసుకోకపోతే ఏప్రిల్‌లో కొళాయి దగ్గర కొట్లాటే.

2011 జనాభా లెక్కల నాటికి పట్టణ జనాభా 87 వేలు దాటింది. వార్డులు 33. ఈలోగా చట్టాలూ మారాయి. 1965 నాటి మున్సిపాలిటీల చట్టం ఇవాళ్టి పాలనకు పునాది. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ పాలక సంస్థలకు రాజ్యాంగ హోదా ఇచ్చింది, 12వ షెడ్యూలులో 18 బాధ్యతలను పేర్కొంది. 2019 నుంచి వార్డు సచివాలయాలు వచ్చాయి. పన్ను లెక్కా మారింది. 2021 నుంచి రాష్ట్రంలో ఆస్తి పన్నును అద్దె విలువకు బదులు ఆస్తి మూలధన విలువ మీద కడుతున్నారు. ఏడాదికి పెంపు 15 శాతం దాటకూడదని హద్దు పెట్టారు. 1919లో ఒక్కసారిగా పదింతలు చేసిన తీరుతో పోల్చి చూస్తే ఈ హద్దు విలువ తెలుస్తుంది.

అయినా కట్టినదానికి ఏం వస్తుందన్న పాత ప్రశ్న ఇంకా బతికే ఉంది. 2021లో రాష్ట్రంలోని పట్టణాల్లో ఇంటింటి చెత్త సేకరణకు వినియోగ రుసుము మొదలైంది. జనం దానికి చెత్త పన్ను అని పేరు పెట్టారు. 2024లో అది రద్దయింది. రుసుము పోయినా చెత్త పోదు కదా. బండి నడవాలి, పారిశుద్ధ్య కార్మికుల జీతాలు నెలనెలా పడాలి. ఆ ఖర్చు ఏదో ఒక పద్దు కింద రావాల్సిందే. ఏ పద్దు కింద వస్తోందో, ఎంత అవుతోందో వార్డులో తెలిస్తే మాట తీరు మారుతుంది.

ఈ లెక్క చెప్పడానికే పుట్టింది వార్షిక పాలనా నివేదిక. ఆర్థిక సంవత్సరం ముగిశాక గడిచిన ఏడాది ఏం వసూలు చేశాం, ఏం ఖర్చుపెట్టాం, ఏం చేశాం అని మున్సిపాలిటీ చెప్పుకోవడం పాత మద్రాసు కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ. పట్టణాలకు గ్రాంట్లు కావాలంటే లెక్కలను ఆన్‌లైన్లో జనానికి అందుబాటులో పెట్టాలని 15వ ఆర్థిక సంఘం షరతు కూడా విధించింది. కానీ మన మున్సిపాలిటీల నివేదికలు సాధారణంగా పనిని మీటర్లలో, లక్షల్లో చెబుతాయి. ఎన్ని మీటర్ల కాలువ కట్టారో ఉంటుంది, మొన్నటి వానకు ఏ వీధిలో నీళ్లు నిలిచాయో ఉండదు. ఎంత పైపులైను వేశారో ఉంటుంది, ఏ వార్డుకు రోజూ నీళ్లొస్తున్నాయో, ఏ వార్డుకు రోజు విడిచి రోజు వస్తున్నాయో ఉండదు. అభివృద్ధి అంటే పోయిన ఏటికీ ఈ ఏటికీ వచ్చిన తేడా. ఆ తేడా వీధి పేరుతో కనిపించకపోతే ఆ నివేదిక కట్టిన పన్నుకు రశీదు అవుతుందే తప్ప జవాబు కాదు.

అందుకని ఇది చదివే కౌన్సిలర్లకు, అధికారులకు ఒక మనవి. ఏటా ఏప్రిల్‌లో, ఏడాది పన్ను ఒకేసారి కట్టినవారికి అయిదు శాతం రాయితీ ఇచ్చే నెలలోనే, ప్రతి వార్డు సచివాలయం గోడ మీద ఒక్క పేజీ అతికించండి. ఈ వార్డులో వసూలైనదెంత, ఇక్కడే ఖర్చయినదెంత, నీళ్లు వచ్చిన రోజులెన్ని, వాన నీళ్లు నిలిచిన వీధులేవి. పక్కనే పోయిన ఏటి పేజీ ఉంచండి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద నిధులూ అక్కర్లేదు. కౌన్సిల్ ఒక్క తీర్మానం చేస్తే చాలు.